పెరుంగుడిలో ఫ్లై జిబ్ అసెంబ్లీ: లోడ్ ఎత్తకముందే దిగిపోయిన అవుట్‌రిగ్గర్ (కేస్ స్టడీ)

చెన్నై ఓఎంఆర్‌కి (పాత మహాబలిపురం రోడ్డు) లోపలి వైపు, పెరుంగుడిలో ఒక పన్నెండు అంతస్తుల ఆఫీసు భవనం. దాని టెర్రస్ మీదికి ఏసీ ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్లు ఎక్కించాలి. ఒక్కో యూనిట్ 2,100 కిలోలు. 100 టన్నుల క్లాసు టెలిస్కోపిక్ ట్రక్ క్రేన్ అద్దెకు తెచ్చారు. బూమ్ (క్రేన్ పొడవాటి చెయ్యి) 48 మీటర్లు చాపినా లోడ్ పెట్టాల్సిన చోటుకి అందదు, పైగా పారాపెట్ గోడ అడ్డం. కాబట్టి బూమ్ చివర 17 మీటర్ల ఫ్లై జిబ్ (బూమ్‌ని పొడిగించే అదనపు చెయ్యి) తగిలించాలి. నేను మెయిన్ కాంట్రాక్టర్ తరఫున లిఫ్టింగ్ సూపర్‌వైజర్‌ని. రిగ్గర్లు (జిబ్ బిగించి, లోడ్ కట్టే పనివాళ్లు) ఇద్దరూ శ్రీకాకుళం జిల్లా వాళ్లు, ఆపరేటర్ గూడూరు వైపు మనిషి, హెల్పర్లు కలగలుపు.

ఈ కేసులో ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఏదీ కింద పడలేదు. అయినా రాస్తున్నాను. ఎందుకంటే మన సైట్లలో లిఫ్ట్ ప్లాన్ అంటే లోడ్ గాల్లో ఉన్న పది నిమిషాల గురించే ఉంటుంది. జిబ్ బిగించే రెండు మూడు గంటలకి ప్లాన్ ఉండదు, అది ‘రిగ్గర్లు చూసుకుంటార్లే’ అనే ఖాతాలో పోతుంది. మా ఇబ్బంది సరిగ్గా ఆ ఖాతాలోంచే వచ్చింది.

కాగితాల మీద

అద్దె సంస్థ పంపిన ప్లాన్ చూడగానే బాగానే ఉంది. లెక్క ఇలా: యూనిట్ 2,100, స్ప్రెడర్ బీమ్, స్లింగులు, షాకిళ్లు (లోడ్‌ని హుక్‌కి కట్టే సామాను) కలిపి 260, జిబ్ తాడుకి వేలాడే బాల్ హుక్ 140. మొత్తం 2,500 కిలోలు. ఇక్కడే మొదటి ఎర్రగీత గీశాను. మెయిన్ బూమ్ హుక్ బ్లాక్ 650 కిలోలది, దాన్ని విప్పకుండా అలాగే వేలాడదీస్తామన్నారు. ఆ క్రేన్ మాన్యువల్ ప్రకారం జిబ్‌తో ఎత్తేటప్పుడు మెయిన్ హుక్ బ్లాక్ కూడా లోడ్ కిందికే వస్తుంది. కలిపితే 3,150.

రెండో విషయం జిబ్ వంపు కోణం, అంటే బూమ్ గీత నుంచి జిబ్ ఎంత కిందికి వంగి ఉంటుందన్నది. పారాపెట్ తప్పించాలంటే జిబ్ 30 డిగ్రీలు వంచితే సుఖం అని క్లయింట్ ఇంజనీరు పట్టుబట్టాడు. 28 మీటర్ల రేడియస్‌లో (క్రేన్ మధ్య నుంచి లోడ్‌కి అడ్డ దూరం) ఆ క్రేన్ లోడ్ చార్ట్, అంటే ఎంత దూరంలో ఎంత ఎత్తొచ్చో చెప్పే పట్టిక, 5 డిగ్రీల వంపుకి 4.1 టన్నులు, 15కి 3.8, 30కి 2.7 ఇస్తోంది. అంటే 30 డిగ్రీల్లో మా లోడ్ చార్ట్‌నే దాటిపోతుంది. 15 డిగ్రీల్లో 83 శాతం. మా కంపెనీ హద్దు 85, కాబట్టి 15కి ఖాయం చేశాం. ఈ వంపు నేల మీద ఉన్నప్పుడే పిన్ను పెట్టి నిర్ణయించుకోవాలి, హైడ్రాలిక్ జిబ్ అయితే తప్ప పైకి లేపాక మార్చలేం. ‘ముందు లేపి చూద్దాం సార్’ అనే మాట అందుకే కుదరదు.

సర్టిఫికెట్ల సంగతి కొంచెం చెప్పాలి. భవన నిర్మాణ కార్మికుల భద్రతా నియమాల ప్రకారం ఎత్తే యంత్రాలకి సమర్థుడైన వ్యక్తి పరీక్ష, సర్టిఫికెట్ ఉండాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 13367 కూడా క్రేన్ వాడకంలో భద్రత గురించే. క్రేన్‌తో వచ్చిన థర్డ్ పార్టీ సర్టిఫికెట్‌లో మెయిన్ బూమ్ ప్రస్తావన ఉంది, జిబ్ లేదు. జిబ్ మీద కొట్టిన సీరియల్ నంబరు క్రేన్‌దేనా అని అడిగితే ఫోన్లు మొదలయ్యాయి. యార్డుల్లో ఒక క్రేన్ జిబ్ ఇంకో క్రేన్‌కి మారిపోవడం కొత్తేమీ కాదు. ఒకే మోడల్ అయినా పిన్ను రంధ్రాల అరుగుదల వేరుగా ఉంటుంది. ఆ రోజు సాయంత్రానికి జిబ్ నంబరుతో సర్టిఫికెట్ వచ్చింది, నంబరు సరిపోయింది.

నేల

పెరుంగుడి పక్కనే పళ్లికరణై చిత్తడి నేల. ఆ చుట్టుపక్కల స్థలాలు చాలావరకు మట్టి పోసి ఎత్తు పెంచినవే. పైన కాంక్రీట్ పేవర్లు చూసి గట్టి నేల అనుకుంటే మోసపోతాం. మా జియోటెక్ వాళ్లు (నేల పరీక్ష చేసేవాళ్లు) పోసిన మట్టికి చదరపు మీటరుకి 10 టన్నులు మించొద్దని చెప్పారు.

క్రేన్, కౌంటర్ వెయిట్ (లోడ్‌కి ఎదురుగా క్రేన్ వెనక పెట్టే సమతూకం బరువు) కలిపి 66 టన్నులు. లోడ్‌తో 69 దాకా. క్రేన్ ఒరగకుండా నాలుగు మూలలా బయటికి చాచి నేల మీద ఆనించే కాళ్లే అవుట్‌రిగ్గర్లు. ఒక మూలకి ఎక్కువలో ఎక్కువ దీనిలో ముప్పాతిక వంతు వస్తుందని మోటు లెక్క, అంటే 52 టన్నులు. అవుట్‌రిగ్గర్ కింద ఉండే ఇనుప ఫ్లోట్ 60 సెంటీమీటర్ల గుండ్రం. దాన్ని నేరుగా నేల మీద పెడితే చదరపు మీటరుకి 184 టన్నులు. కింద 2.4 మీటర్ల చదరపు మ్యాట్ వేస్తే 9 టన్నులకి దిగుతుంది. అద్దె సంస్థ ప్లాన్‌లో ఈ పెద్ద మ్యాట్లు ఉన్నాయి, లెక్క కూడా సరిగ్గానే ఉంది. మ్యాట్లు కూడా మందంగా ఉన్న కర్రవే. పలచటి ఇనుప రేకు వేసి మ్యాట్ అనడం మనవాళ్లకి అలవాటు. రేకు మధ్యలో వంగిపోతుంది, బరువు పక్కలకి పంచదు.

అయితే పెద్ద మ్యాట్లు రెండే పంపారు. లోడ్ ఎత్తే వైపు రెండు మూలలకి అవి, మిగతా రెండు మూలలకి 1.2 మీటర్ల చదరపు స్లీపర్ల (మందపాటి దిమ్మెల) పేర్పు. వాళ్ల వాదన: బరువంతా లోడ్ వైపే కదా పడేది.

లోడ్ ఎత్తేటప్పుడు నిజమే. జిబ్ బిగించేటప్పుడు పరిస్థితి తలకిందులు. అప్పుడు బూమ్ పూర్తిగా లోపలికి ముడుచుకుని ఉంటుంది, హుక్‌కి లోడ్ ఉండదు. క్రేన్ పైభాగం బరువు కౌంటర్ వెయిట్ వైపుకే మొగ్గుతుంది. మా క్రేన్‌కి ఆ స్థితిలో 66 టన్నుల్లో దాదాపు డెబ్భై శాతం కౌంటర్ వెయిట్ కింది రెండు అవుట్‌రిగ్గర్ల మీద ఉంటుందని తర్వాత తయారీ సంస్థ పట్టికలో చూశాం. ఒక్కోదానికి 23 టన్నులు. 1.44 చదరపు మీటర్ల స్లీపర్ల మీద అది 16 టన్నులు. హద్దు 10. లోడ్ ఎత్తడానికి వేసిన లెక్కలో ఈ మూల తేలిక మూల, అసెంబ్లీలో అదే బరువైన మూల. ప్లాన్‌లో అసెంబ్లీ స్థితి అన్న వరుసే లేదు కాబట్టి ఈ అంకె ఎవరి కంటా పడలేదు.

దీనికి తోడు ఆ రెండు మూలల్లో ఒకటి కాంపౌండ్ గోడ పక్కన పడింది. గోడ వెంబడి పాత వాన నీటి డ్రైన్ తవ్వి పూడ్చిన జాడ పేవర్ల కింద ఉందని అప్పటికి సైట్ డ్రాయింగ్‌లో లేదు.

జిబ్ తిరిగిన తీరు

పగటిపూట భారీ వాహనాలకి ఆంక్షలు, ఓఎంఆర్ మీద మెట్రో పనులతో సందు తక్కువ. కాబట్టి క్రేన్ రాత్రి వచ్చి తెల్లవారుజామున నిలబడింది. సముద్రపు గాలి మధ్యాహ్నానికి పుంజుకునేలోపు లిఫ్ట్ అయిపోవాలని టైమ్ వేసుకున్నాం. ఆ జిబ్‌తో గాలి హద్దు సెకనుకి 9 మీటర్లు, అంటే గంటకి 32 కిలోమీటర్లు. వీధి వైపు కరెంటు తీగలున్నాయి. జిబ్ తిరిగే అర్ధచక్రం వాటికి ఎదురు దిక్కున, కాంపౌండ్ లోపల పడేలా క్రేన్‌ని పెట్టాం. ఆ చక్రం మేర టేపు కట్టి మనుషుల్ని బయటికి పంపాం.

ఈ రకం జిబ్ బూమ్ పక్కన మడిచి కట్టి ఉంటుంది. దాన్ని విప్పి బూమ్ ముందుకి తిప్పడంలో ఒకే ఒక్క ప్రాణసూత్రం: జిబ్‌ని పట్టుకుని ఉన్న పిన్ను లాగే ముందు, దాన్ని పట్టుకోబోయే పిన్ను పడి ఉండాలి, అది జారకుండా ఆపే క్లిప్పు కూడా పడి ఉండాలి. మోడల్‌ని బట్టి వివరాలు మారతాయి. మా క్రేన్‌కి వరుస ఇది. బూమ్ పూర్తిగా ముడిచి, దాదాపు అడ్డంగా దించాలి. జిబ్ కొసకి తాడు కట్టాలి. వెనక బ్రాకెట్ పిన్ను వదిలి, జిబ్ మొదలుని బూమ్ తల పక్కన ఉన్న చెవులకి (పిన్ను దూరే రంధ్రాలున్న ఇనుప ముక్కలకి) చేర్చాలి. ఆ పక్క పైపిన్ను, కిందపిన్ను రెండూ దించి క్లిప్పులు వేయాలి. ఆ తర్వాతే ముందు వైపు బ్రాకెట్ పిన్ను లాగాలి. అప్పుడు జిబ్ తలుపులా ఆ రెండు పిన్నుల మీద తిరుగుతుంది. ముందుకి వచ్చాక అవతలి పక్క రెండు పిన్నులు.

ఈ వరుస బూమ్ మీద బొమ్మల స్టిక్కర్‌గా ఉండాలి. మా క్రేన్ మీద ఎండకి వెలిసిపోయి ఉంది. రిగ్గర్లలో చిన్నవాడు ముందు బ్రాకెట్ దగ్గర నిలబడి ‘దీన్ని ముందే లాగేస్తే తిప్పడం సులువైపోద్ది గదా సార్’ అన్నాడు. వాడిని తిట్టలేదు, అడగడమే మంచిదైంది. పెద్ద రిగ్గరే వాడి చేయి పట్టుకుని బూమ్ తల దగ్గరికి తీసుకెళ్లి, ఇంకా పిన్ను పడని ఖాళీ చెవులు చూపించాడు. ‘ఇప్పుడు అది లాగితే ఈ టన్ను ఇనుము దేని మీద నిలబడతాదిరా?’ అన్నాడు. టూల్ బాక్స్ మీటింగ్‌లో (పని మొదలెట్టే ముందు జరిపే భద్రతా మీటింగ్) నేను చెప్పిన దానికంటే ఆ ప్రశ్న బాగా పని చేసింది.

పక్క పిన్నులు రెండూ పడ్డాయి. క్లిప్పుల డబ్బాలో అసలు ఆర్ క్లిప్పులు రెండే, మిగతావి వంచిన వెల్డింగ్ రాడ్ ముక్కలు. ఇది మన దేశంలో చాలా యార్డుల్లో కనిపించే జబ్బు. రాడ్ ముక్క ఊగుడికి విరుగుతుంది, విరిగింది ఎవరికీ తెలియదు, పిన్ను మెల్లగా జారుతుంది. కొత్త క్లిప్పులు వచ్చేదాకా పని ఆపాం. అరగంట పోయింది, అద్దె సంస్థ కో-ఆర్డినేటర్ మొహం మాడ్చుకున్నాడు.

తర్వాత ముందు వైపు బ్రాకెట్ పిన్ను తీశాం. తాడు దగ్గర ఇద్దరు ఉన్నారు. వాళ్లు ఇంకా లాగలేదు. జిబ్ తనంతట తానే బయటికి పరుగు తీసింది, బూమ్‌కి అడ్డంగా తొంభై డిగ్రీల దగ్గరికొచ్చి ఆగింది. తాడు బిగబట్టడం కష్టమైంది కానీ పట్టు తప్పలేదు. అక్కడి నుంచి ముందుకి లాగబోతే రానంటోంది. ఇద్దరు కాస్తా నలుగురయ్యారు. ఇంకో ముప్పై నలభై డిగ్రీలు వచ్చింది, వదిలితే వెనక్కి పోతోంది. ఎలాగోలా బూమ్ ముందుకి తెచ్చినా అవతలి పక్క రంధ్రాలు కలవలేదు.

‘ఒక సమ్మెట దెబ్బ చాలు’ అని ఇద్దరు ముగ్గురు ఒకేసారి అన్నారు. పిన్ను ఇరుక్కున్నప్పుడు ఇత్తడి డ్రిఫ్ట్ (పిన్నుని తోసే కడ్డీ) పెట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, తగుమాత్రం కొట్టడం తప్పేమీ కాదు. కానీ ఇక్కడ లక్షణం వేరు. మొదటి పావు చక్రం మరీ సులువుగా వచ్చింది, రెండో పావు మరీ మొండికేసింది. తలుపు తనంతట తాను తెరుచుకుని, మూస్తే మూసుకోకపోతే మనం గొళ్లెం మీద కొట్టం, ద్వారబంధం ఒరిగిందేమో చూస్తాం. పని ఆపించి క్యాబిన్‌లో ఆపరేటర్‌ని లెవెల్ బబుల్ చూడమన్నాను. ‘పొద్దున సరిగ్గా మధ్యలో ఉంది సార్, ఇప్పుడు గోడ వైపుకి పోయింది’ అన్నాడు.

గోడ పక్క స్లీపర్ల పేర్పు ఒక అంచున దిగింది. పక్కన పేవర్లు సన్నగా పైకి లేచాయి. అవుట్‌రిగ్గర్ల మధ్య దూరం ఏడు మీటర్లు. కొలిస్తే ఆ మూల నాలుగైదు సెంటీమీటర్లు కిందికి ఉంది, ఇంకా ఆగినట్టు లేదు.

నాలుగు సెంటీమీటర్లేగా అని అనిపిస్తుంది. ఏడు సెంటీమీటర్లు దిగితే ఒక శాతం వాలు. చాలా తయారీ సంస్థలు క్రేన్ లెవెల్‌కి ఇచ్చే హద్దు ఒక శాతమో అంతకన్నా తక్కువో. ఒక శాతం వాలితే 60 మీటర్ల ఎత్తున జిబ్ కొస 60 సెంటీమీటర్లు పక్కకి పోతుంది. లోడ్ చార్ట్‌లో అంకెలన్నీ క్రేన్ సమతలంగా ఉందన్న షరతు మీద ఇచ్చినవే. టెలిస్కోపిక్ బూమ్, లాటిస్ జిబ్ కిందికి లాగే బరువుని మోస్తాయి, పక్కకి లాగే బలానికి అవి బలహీనం. ఆ పూట సమ్మెటతో పిన్ను దించేసి ఉంటే, ఆ వాలుతోనే 3,150 కిలోలు టెర్రస్ పైకి వెళ్లేవి.

వెనక్కి రావడం

ఇక్కడ నిర్ణయం సులువు కాదు. క్రేన్ ఒరుగుతోంది, కాబట్టి వెంటనే ఆ జాక్ పెంచి లెవెల్ చేద్దామని ఆపరేటర్ ఆలోచన. నేను వద్దన్నాను. జిబ్ ఒక పక్క పిన్నుల మీదే వేలాడుతోంది. క్రేన్‌ని కదిలిస్తే అది ఎటు తిరుగుతుందో తాడు దగ్గరున్న వాళ్లకి తెలియదు. పైగా దిగుతున్న మట్టి మీద జాక్ పెంచితే మరింత దిగుతుంది. ముందు జిబ్‌ని ఎక్కడి నుంచి తెచ్చామో అక్కడికి పంపి కట్టేయాలి, ఆ తర్వాతే నేల సంగతి.

రెండో తాడు కట్టి, ఇద్దరిద్దరు రెండు వైపులా పట్టుకుని మెల్లగా వెనక్కి తిప్పాం. వాలు వల్ల తొంభై డిగ్రీల దాకా వేగం అడ్డుకోవాలి, అక్కడి నుంచి బలంగా లాగాలి. జిబ్ కింద, చక్రం లోపల ఒక్కరూ లేరు. ఒకే సిగ్నల్ మ్యాన్. ముందు బ్రాకెట్ పిన్ను, దాని క్లిప్పు, వెనక బ్రాకెట్ పిన్ను, దాని క్లిప్పు పడ్డాకే ఊపిరి తీసుకున్నాం. బూమ్‌ని రెస్ట్‌లో పడుకోబెట్టి, కౌంటర్ వెయిట్‌ని ట్రక్ డెక్ మీదికి దించి, అప్పుడు జాకులు తీశాం.

పేవర్లు ఎత్తి గడ్డపారతో పొడిస్తే చేతి పొడుగు దిగింది. పూడ్చిన మట్టి దిమ్మిస కొట్టకుండా వదిలేసింది. అక్కడే రాయి పోసి దిమ్మిస కొట్టి నిలబెడదామని క్లయింట్ వైపు నుంచి ఒత్తిడి వచ్చింది. అంత లోతు పూడికని ఒక్క పూటలో నమ్మదగ్గ నేలగా చేయడం కుదిరే పని కాదని నా అభిప్రాయం. క్రేన్‌నే గోడ నుంచి మీటరున్నర భవనం వైపుకి జరిపాం. దీంతో రేడియస్ 28 నుంచి 26.5కి తగ్గింది, 15 డిగ్రీల వంపుకి చార్ట్ 4.1 టన్నులు ఇచ్చింది, మా లోడ్ 77 శాతానికి దిగింది. నష్టం ఏంటంటే బూమ్ మరింత నిటారై పారాపెట్‌కి దగ్గరైంది. కొలిచి గీసి చూస్తే 15 డిగ్రీల వంపుతో ఇంకా సరిపడా సందు ఉంది. వంపు 5కి పెట్టుకుని ఉంటే ఉండేది కాదు.

నాలుగు మూలలకీ పెద్ద మ్యాట్లు కావాలన్నాం. ఇంకో రెండు రావడానికి మర్నాటి తెల్లవారుజాము అయింది. కౌంటర్ వెయిట్ వైపు మూలకి ఇప్పుడు 23 టన్నులు 5.76 చదరపు మీటర్ల మీద, అంటే 4 టన్నులు. నిలబెట్టాక కౌంటర్ వెయిట్ ఎక్కించి, పైభాగాన్ని నాలుగు మూలల మీదికీ ఒక్కోసారి తిప్పి ఆపి, ప్రతిసారీ బబుల్ చూశాం. అద్దె సంస్థ వాళ్లకి ఇది చాదస్తంలా కనిపించింది. కనిపించనీ.

ఈసారి జిబ్ ఒక్క మనిషి తాడుతో తిరిగింది. అవతలి పిన్నులు చేత్తో నెడితే దూరాయి. రంధ్రాలు కలిశాయా అని వేలు పెట్టి తడిమి చూడబోయిన హెల్పర్‌ని మాత్రం గట్టిగానే అరిచాను. టన్ను ఇనుము ఒక్క మిల్లీమీటరు కదిలితే వేలు పోతుంది.

పిన్నుల తర్వాత

పిన్నులు పడగానే జిబ్ బిగించడం అయిపోయినట్టే అందరికీ అనిపిస్తుంది. మిగిలిన పని చిన్నగా కనిపించినా ప్రమాదం చిన్నది కాదు.

తాడు చివర వెడ్జ్ సాకెట్‌లో (తాడు కొసని చీలతో బిగించే ఇనుప గూడు) బరువు లాగే తాడు సాకెట్ పిన్నుకి సూటిగా ఉండాలి. బుల్‌డాగ్ క్లిప్పు (తాడుకి వేసే ఇనుప బిగింపు) తోక ముక్కకే, అంటే బయట మిగిలిన కొసకే వేయాలి, దాన్నీ లాగే తాడునీ కలిపి బిగిస్తే వెడ్జ్ పట్టు పోతుంది, తాడు నలుగుతుంది. మొదటిసారి మా వాళ్లు కలిపే బిగించారు, విప్పించాం.

హుక్ పైకెళ్లి జిబ్ తలకి కొట్టుకోకుండా వించ్‌ని ఆపే స్విచ్చు ఉంటుంది, దాని గొలుసుకి ఒక బరువు వేలాడుతుంది. మెయిన్ బూమ్‌ది మెయిన్ బూమ్‌దే, జిబ్‌కి వేరే స్విచ్చు, దాని వైరు జిబ్ పొడుగునా లాగి ప్లగ్ పెట్టాలి. వైరు అందకపోతే క్యాబిన్‌లో బైపాస్ తాళం తిప్పి కానిచ్చేసే ఆపరేటర్లు ఉన్నారు. మా ఆపరేటర్ అలాంటి వాడు కాదు. జిబ్ ఇంకా నేలకి దగ్గరగా ఉండగానే బాల్ హుక్‌ని మెల్లగా పైకి తెచ్చి బరువుకి తాకించి, వించ్ ఆగిందని చూపించాడు.

సేఫ్ లోడ్ ఇండికేటర్‌లో (ఎంత బరువు ఎత్తొచ్చో క్యాబిన్‌లో చూపించే యంత్రం) జిబ్ పొడవు, వంపు, హుక్‌కి తాడు ఎన్ని వరసలు అన్నది ఎక్కించాలి. అది మెయిన్ బూమ్ కాన్ఫిగరేషన్‌లోనే ఉండిపోతే తెర మీద పచ్చ దీపం వెలుగుతూనే ఉంటుంది, చూపించే సామర్థ్యం మాత్రం వేరే క్రేన్‌ది. నేనూ ఆపరేటరూ కలిసి తెర మీద అంకెల్ని చార్ట్ కాగితంతో పోల్చి, ఇద్దరం సంతకం పెట్టాం.

యూనిట్లన్నీ గాలి లేవకముందే టెర్రస్ ఎక్కాయి. లిఫ్ట్ గురించి రాయడానికి ఇంకేమీ లేదు.

మా ఫార్మాట్‌లో మారినవి

అమెరికా ఓషా (పనిచోటు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) నిబంధనల్లో క్రేన్ అసెంబ్లీకి విడిగా ఒక సెక్షనే ఉంది, 1926.1404. దానికి ఒక డైరెక్టర్ ఉండాలని, నేల, పిన్ను తీశాక నిలకడ, గాలి లాంటివి ముందే చూడాలని అందులో రాసి ఉంది. అది మనకి చట్టం కాదు, కానీ వరుస బాగుంది, ఎత్తుకొచ్చాం. ఇప్పుడు మా లిఫ్ట్ ప్లాన్‌లో అవుట్‌రిగ్గర్ బరువుల పట్టికకి రెండు వరుసలు: లోడ్‌తో ఒకటి, అసెంబ్లీ స్థితిలో ఒకటి. రెండింట్లో ఏది పెద్దదైతే ఆ మూలకి ఆ మ్యాట్. జిబ్ వరుస స్టిక్కర్ చదవడానికి రాకపోతే మాన్యువల్‌లోని ఆ పేజీ ప్రింటు తీసి, తెలుగులో పిన్నుల నంబర్లు రాసి, బూమ్ దగ్గర కట్టాలి. అసెంబ్లీకి పేరు పెట్టి ఒకే మనిషి బాధ్యుడు. ఈ ఉద్యోగంలో పెద్ద రిగ్గర్‌ని పెట్టాం, ఇంజనీర్లలో ఒకరిద్దరికి నచ్చలేదు.

తిరిగి మడిచే పనికి కూడా ఇదే పర్మిట్ వర్తిస్తుందని ఒక వాక్యం చేర్చాం. లిఫ్ట్ అయిపోయి, అందరూ అలిసిపోయి, రోడ్డు పర్మిషన్ టైమ్ తరుముతున్నప్పుడు జిబ్ మడుస్తారు. అప్పుడు వరుస తిరగబడుతుంది: ముందు వైపు బ్రాకెట్ పిన్ను పడి క్లిప్పు వేశాకే బూమ్ తల పక్క పిన్నులు తీయాలి. క్రేన్ గేటు దాటే ముందు బ్రాకెట్ పిన్నులు రెండూ, వాటి క్లిప్పులు రెండూ ఫోటో తీసి గ్రూపులో పెట్టమంటున్నాం. పాత డ్రైన్ ఉన్న చోటు ఇప్పుడు సైట్ డ్రాయింగ్ మీద ఎర్ర గీతతో ఉంది.